పేరు రాయని శనివారాలు

మా నాయనకు ఎనిమిదేళ్లపాటు ప్రభు భోజనం ఇవ్వలేదు. ఆయన చేసిన నేరం ఒక పంచాయతీ ఎన్నికలో తనకు న్యాయమనిపించిన మనిషికి ఓటు వేయడం, అడిగినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పడం. ఆ రొట్టె ముక్క కోసం అడుగుతూ అడుగుతూనే ఆయన పోయాడు. ఈ పని చేసినవాళ్లు దొంగలు కాదు, తాగుబోతులు కాదు. ఆయనతో కలిసి ఒకే చాపమీద మోకరించినవాళ్లు. ఇన్నేళ్లు గడిచినా నాకు కోపం తగ్గలేదు. క్షమించమని చెప్పే ప్రసంగాలు చాలా విన్నాను, కొన్నిటికి తల కూడా ఊపాను. తగ్గలేదు.

ఈమధ్య ఆ కోపాన్ని మళ్లీ కదిలించినవాడు ప్రవీణ్. తిరుపతిలో మేం వెళ్లే క్రైస్తవ సంఘంలో యువజనుల పెద్ద. ముప్పై దాటిన మనిషి, మందుల కంపెనీలో ఉద్యోగం, మంచివాడు. మొన్న ఎన్నికల ముందు ఒక సాయంత్రం వీధిలో మోటారు సైకిలు ఆపి, చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఫోను నా కళ్లముందు పెట్టాడు. విశ్వాసులందరూ ఈసారి ఎవరికి ఓటు వేయాలో అందులో రాసి ఉంది. కింద ఒక బైబిలు వాక్యం కూడా తగిలించారు.

"మనోళ్లందరం ఒక మాట మీద ఉండాల తాతా. మీ ఇంట్లో మూడోట్లు ఉండాయి గదా."

"ఎవురు జెప్పినారు ఈ మాట?"

"పెద్దలు కూసోని తీర్మానం జేసినారు. ఊరికే గాదు, ప్రార్థన జేసే జేసినారు."

"ప్రార్థనలో దేవుడు మనిషి పేరు సెప్పినాడా, గుర్తు మటుకే సూపించినాడా?"

"నీకెప్పుడూ ఎగతాళే తాతా," అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. లేచి నిలబడి అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తులేదు, వంటింట్లోంచి నా భార్య చేతిలో గరిటెతోనే పరుగెత్తుకు రావడం మాత్రం గుర్తుంది. ప్రవీణ్ ఫోను జేబులో వేసుకుని, "నేనేమంటినబ్బా ఇప్పుడు?" అని ఆమె వైపు చూశాడు. "కూసో, సెప్తా," అన్నాను. ఆ పూట అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, అప్పుడు మధ్యలో వదిలేసిన వాటిని కూడా కలిపి.

మాది పుత్తూరు నుంచి నగరి వైపు పోయే దారిలో ఒక ఊరు. రైలు కట్టకు ఇవతల ఊరు, అవతల మా మాలపల్లె. పల్లెలో సగం ఇళ్లు గుడికి పోయేవి, అంటే పెంకుల కప్పున్న మా చిన్న ప్రార్థన మందిరానికి. మిగతా సగం ఇళ్లు గంగమ్మకు మొక్కేవి. అన్నదమ్ముల్లోనే ఒకడు ఇటు, ఒకడు అటు. మా నాయన పేరు ఏసురత్నం. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్లకు వెదురు దబ్బలు చీల్చి ఇవ్వడం ఆయన పని. చేతికో కాలికో ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించి, గుడ్డ చుట్టి, కదలకుండా చుట్టూ దబ్బలు పెట్టి కట్టేవాళ్లు. ఆ దబ్బలు మా వాకిట్లో తయారయ్యేవి. కొండ నుంచి తెచ్చిన పచ్చి వెదురును మచ్చుకత్తితో చీలుస్తుంటే తడిగడ్డి వాసన, దాని వెనకే కొంచెం తియ్యని వాసన వచ్చేది. అమ్మ పొయ్యిమీద సంగటి గెలికే వాసన, నాయన ముక్కుపొడి ఘాటు, ఈ వెదురు వాసన కలిస్తే అదే మా ఇల్లు. చీల్చిన ప్రతి దబ్బనూ గాజుపెంకుతో గీకి, తన మెడ కింద మెత్తని చోట రాసుకుని చూసేవాడు. ఎక్కడ గుచ్చుకున్నా పక్కన పడేసేవాడు. "ఎవురి బిడ్డ సెయ్యో ఏమో," అనేవాడు. పడేసినవన్నీ పొయ్యిలోకే. అమ్మకు వంట చెరుకు కొరత ఎప్పుడూ లేదు, డబ్బుకే కొరత.

ఆయన దేవదూత అని చెప్పడం లేదు. మొండివాడు. అన్నంలో రాయి తగిలితే పళ్లెం తోసేసి లేచిపోయేవాడు, మళ్లీ పిలిచినా వచ్చేవాడు కాదు. కీర్తన పాడితే శ్రుతికి ఆమడ దూరం, గొంతు మాత్రం అందరికంటే పైన. వేదపుస్తకం, అంటే బైబిలు, కూడబలుక్కుని చదివేవాడు, ఒక్కో మాటా వేలు పెట్టి. అందుకేనేమో, చదివిన మాట ఆయన్ను వదిలేది కాదు. వేగంగా చదివే మాకు ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోయే మాట ఆయన దగ్గర కొన్ని వారాలు ఉండిపోయేది.

మా అమ్మ సలోమీకి సంఘంలో ఒక పని ఉండేది, దాన్ని ఆమె వేరెవరికీ ఇచ్చేది కాదు. నెలకొకసారి పుత్తూరు నుంచి పాదిరి అయ్యగారు బస్సులో వచ్చి సంస్కారం, అదే ప్రభు భోజనం, ఇచ్చే ఆదివారానికి రొట్టె చేయడం. ఆ రొట్టె కోసమే ఒక పెనం ఉండేది, ఉతికిన గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేది, దాని మీద దోసె పొయ్యనిచ్చేది కాదు. ఉప్పు లేకుండా, పులియకుండా గోధుమపిండి పిసికి, పలచగా ఒత్తి, మాడకుండా కాల్చి, తెల్లగుడ్డ మీద పరిచి, చాకుతో చిన్న చిన్న పలకలుగా కోసేది. గుండ్రని రొట్టెను చదరంగా కోస్తే అంచులు మిగులుతాయి కదా, ఆ అంచులు పిల్లలకు. మా పల్లెలో నా ఈడువాళ్లందరికీ గోధుమ రుచి తెలిసింది ఆ అంచులతోనే.

అయితే ఆ రొట్టె ఎవరు పడితే వాళ్లు తినడానికి లేదు. ముందురోజు శనివారం సాయంత్రం మందిరం అరుగుమీద ఉపదేశిగారు పొడుగాటి పుస్తకం తెరిచి కూర్చునేవారు. అయ్యగారు లేని రోజుల్లో సంఘాన్ని నడిపేది ఉపదేశే. రేపు సంస్కారం తీసుకోవాలనుకునే ప్రతివాడూ ఆయన ముందు నిలబడి పేరు ఇవ్వాలి. రాసే ముందు ఆయన రెండు మాటలు అడిగేవారు. ఎవరితోనైనా తగాదా ఉందా? మనసులో దాపరికం ఏమైనా ఉందా? తగాదా ఉందంటే, "పోయి సమాధానపడి రా," అని పంపేవారు. తోడికోడళ్లు ఆ అరుగు దగ్గర నుంచే వెనక్కి పరుగెత్తి, ఒకరినొకరు కావిలించుకుని, ముక్కు చీదుకుంటూ మళ్లీ వరుసలో నిలబడడం నేను చూశాను. చూసి నవ్వుకునేవాళ్లం కానీ, అందులో ఒక గొప్ప ఉండేది. మరుసటి ఉదయం ఆ పుస్తకం చూసే అయ్యగారు రొట్టె ఇచ్చేవారు. అందులో పేరు లేనివాడు చాపమీదే కూర్చోవాలి.

ఉపదేశి దేవదానంగారిని తలుచుకుంటే ఈరోజుకీ నా పిడికిలి బిగుస్తుంది. కానీ ఆయన గురించి నిజం రాయాలి. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. పల్లెలో కలరా వచ్చినప్పుడు ఇంటింటికీ నీళ్లు కాచి పోసిందీ ఆయనే. ఊరి రెడ్డి ముందు కండువా తీయకుండా మాట్లాడగలిగిన మొదటి మనిషి. అలాంటి మనిషి చేశాడు కాబట్టే మంట ఇంకా ఎక్కువ.

ఎన్నిక సంగతికి ముందు నా చదువు సంగతి చెప్పాలి, ఎందుకంటే రెండూ ఒకే ముడి. నేను పది పాసయ్యాక తిరుపతిలో కాలేజీకి, హాస్టలుకు కుల ధ్రువపత్రం కావలసి వచ్చింది. మాలవాడు హిందువైతే హరిజనుడు. బాప్తిస్మం పొందితే కాదు. హాస్టలు లేదు, ఉపకార వేతనం లేదు. టీ అంగడిలో మాకని విడిగా పెట్టిన గ్లాసు బాప్తిస్మం సంగతి ఎప్పుడూ అడగలేదు. తాసిల్దారు కాగితం మాత్రం అడిగింది. ఊళ్లో మమ్మల్ని దూరంగా నిలబెట్టినవాళ్లు మా మతం మారిందని ఒక్క అడుగైనా దగ్గరికి రానిచ్చారా? ఈ చట్టం రాసినవాళ్లు మా ఊరి టీ అంగడికి ఒక్కపూట వచ్చి ఉంటే బాగుండేది. కరణంగారు మంచివాడు. మా నాయనను పిలిపించి, "పేరు పక్కన హిందూ అని ఒక్క ముక్క రాస్తాను ఏసురత్నం, నువ్వు వేలిముద్ర వెయ్యి. దేవుడితో నేను మాట్లాడుకుంటాలే," అన్నాడు. నాయన తల గీరుకున్నాడు. "రాస్తే మీకేం నష్టం లేదు సామీ. ఆదివారం పొద్దన లేసి నిలబడి నా విశ్వాసం సెప్పుకోవాల్సింది నేను గదా. నోరు రాదు." అంతే. నా చదువు అక్కడ ఆగింది. తిరుపతిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో చేరాను. పెళ్లి పత్రికలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, పాఠ్యపుస్తకాలు, ఏది వస్తే అది తలకిందులుగా చదువుతూ నేర్చుకున్నదే నా చదువు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, మా పంచాయతీ సర్పంచి పదవిని హరిజనులకు కేటాయించారు. అప్పటిదాకా పంచాయతీ ఆఫీసులో మావాళ్లు చెప్పులు చేతపట్టుకుని బయట నిలబడడమే. ఇప్పుడు మావాడొకడు లోపల కుర్చీలో కూర్చోబోతున్నాడు. ఉపదేశిగారి తమ్ముడు యోహాను నామినేషన్ వేశాడు. యోహాను నాలుగు అక్షరాలు వచ్చినవాడు, కలుపుగోలు మనిషి, మా నాయనతో కలిసి వెదురుకు కొండెక్కినవాడు, ఆయన్ను మామా అని పిలిచేవాడు. అయితే క్రైస్తవుడుగా ఆ పదవికి నిలబడడానికి లేదు. అందుకని తాసిల్దారు దగ్గర హిందువునని సంతకం చేసి, తాత పేరు మునెయ్యను తన పేరుగా రాయించుకున్నాడు. పల్లెలో ఇది అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అతని మీద పోటీకి దిగింది చెంగయ్య, జాతరలో పలక, అంటే డప్పు, కొట్టేవాడు, గంగమ్మ భక్తుడు, పల్లెలో అవతలి సగం.

ఎన్నికకు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక ఉపదేశిగారు ఎవరినీ లేవనివ్వలేదు. బోరింగు వస్తుందన్నారు, వీధి దీపం వస్తుందన్నారు, అన్నిటికంటే మనవాడు కుర్చీలో కూర్చుంటాడన్నారు. అన్నీ నిజమే. ఆ మాటలకు నా ఒళ్లు కూడా పులకరించింది.

"అందరూ లేసి నిలబడండి. కుడిసెయ్యెత్తి, మా ఓటు యోహానుకే అని దేవుని ముందర సెప్పండి."

చాపలు కదిలాయి, అందరూ లేచారు. నేనూ లేచాను, అప్పట్లో ఇరవై ఒకటి నిండితేనే వచ్చే ఓటు నాకింకా రాకపోయినా. మా నాయన లేవలేదు. పక్కనున్నాయన కాలితో తట్టి, "ఏం ఏసురత్నమా, కాళ్లు బట్టుకున్నాయా?" అన్నాడు. నవ్వారు.

"కాళ్లు బాగానే ఉండాయప్పా," అన్నాడు నాయన. తర్వాత ఉపదేశిగారి వైపు తిరిగి, "ఒట్టు బెట్టుకోవద్దని గదయ్యా మీరు మాకు నేర్పింది," అన్నాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. ఉపదేశిగారు ఆ మాట విననట్టే ప్రార్థన మొదలుపెట్టారు.

మరుసటి రోజు పొద్దున యోహాను మా వాకిట్లోకి వచ్చి, చీల్చిన వెదుర్ల పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను దబ్బలు గీకుతున్నాను.

"మామా, నాకెయ్యవా?"

"యోహానుకైతే ఏస్తా. ఆ ఓటు చీటీలో యోహాను అనేటోడు లేడంట గదా. మునెయ్య అని ఉండాదంట. ఆ మునెయ్య ఎవురో నాకు తెలవదు."

"నేనే గదా మామా మునెయ్య!"

"ఆ మాట ఆదివారం గుళ్లో సెప్పు. లేకుంటే యోహానని తాసిల్దారు కాడ సెప్పు. ఆడొకటి ఈడొకటి సెప్తే నిన్ను నేను యాడని నమ్మేది?"

యోహాను ఒక వెదురు పేడును విరిచి పక్కన పడేశాడు. "నాకిద్దరు ఆడబిడ్లు మామా. నీ కొడుకు సదువు ఏమైందో నా కండ్లతో సూస్తి. అది సూసినాక గూడా నన్ను అట్నే జెయ్యమంటావా?"

మచ్చుకత్తి ఆగింది. నాయన నావైపు చూడలేదు, నేను ఆయన వైపు చూశాను. "అనను," అన్నాడు చివరికి. "నువ్వు జేసింది తప్పని గూడా నేను సెప్పలేను యోహానూ. దాన్ని గురించి దేవుడు నిన్ను అడుగుతాడో, ఈ గవుర్మెంటోళ్లనే అడుగుతాడో. నన్ను మాత్రం ఓటు గురించి అడుగుతాడు. ఆ చెంగడు యాడికి బోయినా చెంగడే."

యోహాను లేచి, తుండు దులుపుకుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు. కోపంగా పోలేదు. ఆ సంగతి గట్టిగా చెప్పాలి. వాళ్లిద్దరి మధ్య తగాదా ఎప్పుడూ లేదు.

యోహాను గెలిచాడు. గట్టిగానే గెలిచాడు, మా నాయన ఓటు వల్ల అతనికి ఆవగింజంత లోటు రాలేదు. పలకల మేళంతో పల్లెంతా ఊరేగింపు తిరిగింది, ఓడిపోయిన చెంగయ్య కూడా కూలికి వచ్చి పలక కొట్టాడు. చెంగయ్యకు వచ్చిన ఓట్లు గంగమ్మ ఇళ్లలో ఉన్న ఓట్ల కంటే ఎక్కువని అందరూ గమనించారు. అంటే చెయ్యెత్తినవాళ్లలోనే కొందరు చీటీ మీద ఇంకోచోట ముద్ర వేశారు. ఎవరో తెలియదు, తెలిసే దారి లేదు. చీటీ మడిచి పెట్టెలో వేశాక అది ఎవరిదీ కాదు కదా.

తర్వాత వచ్చిన సంస్కారపు శనివారం నేను ప్రెస్సుకు సెలవు పెట్టి ఊళ్లోనే ఉన్నాను. అరుగు ముందు వరుసలో నాయన వెనకే నిలబడ్డాను. ముందున్నవాళ్లు ఒక్కొక్కరే తగాదా లేదన్నారు, దాపరికం లేదన్నారు, పేరు రాయించుకున్నారు. నాయన వంతు వచ్చింది.

"ఎవురితోనన్నా తగాదా ఉండాదా?"

"లేదయ్యా."

"మనసులో దాపరికం?"

అక్కడ ఎవరైనా లేదనే అంటారు. ఆ వరుసలో ముందు నిలబడ్డవాళ్లు, చెయ్యెత్తి మాట తప్పినవాళ్లతో సహా, అదే అన్నారు. మా నాయన ఒక క్షణం ఆలోచించాడు. ఆ పుస్తకం ముందు అబద్ధం చెబితే రేపటి రొట్టె రొట్టె కాదని ఆయన నమ్మకం. "యోహానుకు ఎయ్యలేదయ్యా. చెంగయ్యకేసినా. మీకు సెప్పకుండా పేరు రాయించుకుంటే అది దాపరికమే గదా," అన్నాడు.

ఉపదేశిగారి కలం గాలిలోనే ఆగిపోయింది. ఆయన ముఖం మీద కోపం కంటే ముందు అవమానం కనిపించింది, అందరి ముందూ అన్నాడని. "సంఘమంతా ఒక మాట మీదుంటే నువ్వొకడివి విడిపోతివి. దేవుని బిడ్డను కాదని విగ్రహాలోడికి ఏస్తివి. పో, సంఘంతో సమాధానపడి రా."

"నాకు ఎవురితోనూ తగాదా లేదే."

"ఉండాది. తప్పైపోయిందని ఆదివారం అందరి ముందర సెప్పు, రాస్తా."

"తప్పనిపిస్తే సెప్పనా అయ్యా? అనిపించలేదే."

ఉపదేశిగారు పుస్తకం వైపు వంగి, నా వైపు వేలు చూపించి, "తరవాత," అన్నారు. నేను పేరు ఇచ్చాను. అవును, ఇచ్చాను. మరుసటి రోజు ఉదయం వెళ్లి రొట్టె తిన్నాను, మా నాయన చాపమీద కూర్చుని నా వీపు చూస్తుండగా. ఉపదేశిగారి మీద ఇన్ని మాటలు రాస్తున్న నేను ఈ మాట రాయకపోతే అదీ దాపరికమే.

ఆ తర్వాత ప్రతి సంస్కారపు శనివారం నాయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఆ వరుసలో నిలబడేవాడు. తన వంతు వచ్చినప్పుడు, "ఏసురత్నం, అయ్యా," అనేవాడు. "సమాధానపడినావా?" "తగాదా లేదయ్యా." "తరవాత." అంతే. ఎనిమిదేళ్లు అదే మాట. మొదట్లో జనం నవ్వారు, తర్వాత జాలిపడ్డారు, ఆ తర్వాత పట్టించుకోవడం మానేశారు. బోరింగు వచ్చింది, వీధి దీపం వచ్చింది. యోహాను రెండుసార్లు అన్నకు చెప్పి చూశాడని విన్నాను. "ఇది నీ పంచాయతీ గాదు," అన్నారట ఉపదేశిగారు. మా అమ్మ మాత్రం నెలనెలా ఆ పెనం దించి, పిండి పిసికి, రొట్టె చేస్తూనే ఉంది. నాయనే ఆమెకు సన్నటి వెదురు పేళ్లు ఏరి పెట్టేవాడు, మంట సమంగా ఉండాలని. ఆ మంట మీద కాలిన రొట్టెను సంఘమంతా తినేది.

ఒకసారి నేను ఉండబట్టలేక, "అబద్ధం సెప్పుంటే పొయ్యేది గదా నాయనా. పెట్టెలో ఏసినాక ఎవురు సూడొచ్చినారు?" అన్నాను.

"ఎవురూ సూళ్లేదు. అందుకే సెప్పాల్సి వచ్చింది."

"నీ నిజం నా సదువును మింగింది. ఇప్పుడు నీ రొట్టెను మింగింది. ఇంకేముండాది దానికి పెట్టేదానికి?"

ఆయన చేతిలో ఉన్న దబ్బను మెడ కింద రాసుకుని చూసి, పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకున్నాడు. మాట నోట్లోంచి వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు ఆ రోజు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు.

చివరి ఏడు ఆయనకు ఊపిరి అందేది కాదు. వెదురు దుమ్మే కారణమని డాక్టరు అన్నాడు. మంచం పట్టాక వచ్చిన సంస్కారపు శనివారం తాను నడవలేక అమ్మను పంపాడు, "నా పేరియ్యి పో," అని. ఆమె ఇచ్చింది. రాయలేదు. ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఏడుస్తూ బస్సు దగ్గరికి వెళ్లి అయ్యగారి కాళ్లు పట్టుకుంది. ఆయన చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. "పుస్తకంలో పేరుంటే నేనే వచ్చి ఇద్దునమ్మా. ఉపదేశిగారిని కాదని ఎట్లా?" అని, బస్సు కదులుతుంటే ఎక్కేశాడు. అమ్మ ఇంటికి వచ్చి, పెనం దించి, పిండి పిసికి, ఒక రొట్టె కాల్చి, పలకలుగా కోసి, తెల్లగుడ్డలో పెట్టి నాయన మంచం దగ్గరికి తెచ్చింది. నేను ఆయన తల ఎత్తి పట్టుకున్నాను.

నాయన దాన్ని చూశాడు. గుడ్డ అంచును వేళ్లతో తాకాడు. "నువ్వు జేసింది బాగుంటాదిమే. ఎప్పుడూ బాగుంటాది. ఇది రొట్టి. అది వేరే గదా," అన్నాడు. అమ్మ ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. మంగళవారం పొద్దున పోయాడు. పాడెకు ముందువైపు భుజం పట్టింది యోహాను. సర్పంచి, తెల్లచొక్కా, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. దేవదానంగారు ప్రార్థన చేశారు, విశ్వాసంలో నిద్రించిన సహోదరుడని. ఆ మాటకు నేను సమాధుల దగ్గర నుంచి లేచి వచ్చేశాను. కొన్నేళ్లకు ఆయన పోయినప్పుడు మట్టి వేయడానికి నేను వెళ్లలేదు.

అప్పటి నుంచి సంఘాల పై ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. అక్షరాలు పేర్చి బతికినవాణ్ని, రాయడం నాకు కష్టం కాదు. నేను అడిగింది పెద్దదేమీ కాదు. ఏసురత్నం అనే విశ్వాసిని ఓటు కారణంగా సంస్కారం నుంచి ఆపారు, అది తప్పు, ఆయన పేరు తిరిగి చేర్చుకుంటున్నాం అని పుస్తకంలో ఒక్క వరుస. పెద్దలు మారారు, గుమాస్తాలు మారారు, జవాబు రాలేదు. ఇప్పుడు మా సంఘంలో శనివారాలు లేవు. చిన్న ప్లాస్టిక్ గ్లాసులు, ముక్కలు పళ్లెంలో కూర్చున్న చోటికే వస్తాయి, ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఇది మేలని కొందరంటారు, కావచ్చు. నన్నడిగితే ఆ రోజుల్లో కనీసం ఒక మనిషి ఇంకో మనిషి ముఖం చూసి అడిగేవాడు, అబద్ధం చెప్పడానికి కూడా ముఖం కావలసి వచ్చేది. ఇప్పుడు ఫోను చెబుతుంది, ఫోనులోనే బొటనవేలు ఎత్తి చూపిస్తే సరిపోతుంది. మారనిది ఒకటే. ఆ ధ్రువపత్రం నిబంధన ఈరోజుకీ అలాగే ఉంది. ఈరోజుకీ ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు పెట్టుకున్నవాళ్లు నా పక్కనే కూర్చుని కీర్తనలు పాడతారు. వాళ్లమీద నాకు కోపం లేదు. యోహాను మీద మా నాయనకే లేకపోయింది.

అంతా విన్నాక ప్రవీణ్ మూడు ఓట్ల సంగతి మళ్లీ ఎత్తలేదు. "ఈసారి పోస్టులో ఎయ్యొద్దు తాతా. రాసియ్యి, నేనే పొయ్యి ఇచ్చొస్తా. జవాబిచ్చేదాకా ఆడనే కూసుంటా," అన్నాడు. రాసిచ్చాను. అన్నమాట ప్రకారం వెళ్లాడు, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు తిరిగాడు. నిన్న పొద్దున కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, మా ఆవిడ కాఫీ తెస్తానన్నా ఆగకుండా వెళ్లిపోయాడు. లోపల ఏముందో అతనికి తెలుసని నాకప్పుడు అర్థం కాలేదు. టైపు చేసిన ఒక్క కాగితం, కింద ముద్ర, సంతకం:

"క్రీస్తునందు ప్రియ సహోదరునికి వందనములు. మీ లేఖ కమిటీవారి యెదుట చదువబడినది. మీరు పేర్కొనిన సంఘము యొక్క సంస్కారపు జాబితా పుస్తకములు మా కార్యాలయమున భద్రముగా నున్నవి. వాటిని మొదటి నుండి చివర వరకు పరిశీలించితిమి. మీ తండ్రిగారిని సంస్కారము నుండి నిలిపివేసినట్లు వాటిలో ఎక్కడను వ్రాయబడి యుండలేదు. నిలిపివేయబడని వానిని తిరిగి చేర్చుకొనుటకు మన నిబంధనలలో వీలు లేదని తెలియజేయుటకు చింతించుచున్నాము. మీరు చెప్పిన యెనిమిది సంవత్సరములలో ఏ ఒక్క శనివారమునను ఆయన తన పేరు ఇచ్చుటకు వచ్చినట్లు ఆ పుస్తకములలో లేదు. ఆయన రానందుకు మేమును విచారించుచున్నాము."